రెండు కవర్లూ ఒక ట్యూబూ

డాలస్ శివారు నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు బయటపెట్టవద్దన్నారు కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమెకు 34 ఏళ్లు. పుట్టిల్లు ప్రకాశం జిల్లాలో. పదిహేడేళ్ల కిందట తండ్రి పొద్దున్నే షటిల్ ఆడుతూ కోర్టులోనే కుప్పకూలిపోయారు. అప్పటికి ఆయనకు 41. అంతకు ఆరేళ్ల ముందు పెదనాన్న రాత్రి పడుకున్నవారు తెల్లారి లేవలేదు. ఇద్దరికీ పోస్టుమార్టం జరగలేదు. గుండె కండరం దళసరిగా ఉందని ఎప్పుడో ఒక డాక్టరు తండ్రితో అన్నట్టు తల్లికి గుర్తు. ఆ రిపోర్టు ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

భర్త సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హెచ్-1బి వీసా మీద ఉన్నారు. ఇంటిల్లిపాదికీ ఆరోగ్య బీమా ఆయన కంపెనీ ద్వారానే. ఆరేళ్ల కొడుకు. పోయిన నెల ఒకే వారంలో రెండు కవర్లు వచ్చాయి. మొదటిది బీమా సంస్థ నుంచి. వంశపారంపర్యంగా వచ్చే గుండె జబ్బుల మీద పరిశోధన జరుగుతోందని, ఇష్టమైతే జన్యు పరీక్షకు ఉమ్మి నమూనా పంపవచ్చని ఉత్తరం, దానితో పాటు చిన్న ప్లాస్టిక్ ట్యూబు. రెండోది భర్త కంపెనీ ఏటా పంపే ఆరోగ్య ప్రశ్నావళి. నింపి పంపితే ఏడాది ప్రీమియంలో 300 డాలర్లు తగ్గిస్తారు. అందులో పదకొండో ప్రశ్న: మీ తల్లిదండ్రులు, తోబుట్టువుల్లో ఎవరైనా 50 ఏళ్లలోపు గుండె జబ్బుతో చనిపోయారా?

"మా వారు ట్యూబు పంపేయమంటున్నారు, ఉచితమే కదా అంటున్నారు. అమ్మ మాత్రం ఫోనులో ఏడ్చింది. చెల్లికి సంబంధాలు చూస్తున్నాం, ఇప్పుడు ఆ ట్యూబు ముట్టుకోవద్దంటోంది. ఇవ్వకపోతే ప్రీమియం పెంచుతారేమో, ఇస్తే బీమా తీసేస్తారేమో. ఉత్తరం చివర 'ఈ పరిశోధన గురించి ఫెడరల్ ప్రభుత్వానికి నోటీసు సమర్పించాం' అని ఒక వాక్యం ఉంది. అంటే నా పేరు ప్రభుత్వం దగ్గరికి వెళ్లినట్టేనా? గ్రీన్ కార్డుకు అడ్డం వస్తుందా? నాకు నిద్ర పట్టడం లేదు" అని ఆమె రాశారు. చెల్లెలికి 26 ఏళ్లు, విజయవాడలో బ్యాంకు ఉద్యోగి. ఈ విషయం ఏదీ ఆ అమ్మాయికి ఇంకా చెప్పలేదు.

---

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు నేనూ మీలాగే ఆ ట్యూబు చుట్టూనే తిరిగాను. రెండోసారి చదువుతుంటే తెలిసింది, మిమ్మల్ని భయపెడుతున్న కవరు ఒకటి, జాగ్రత్తగా చూడవలసిన కవరు ఇంకొకటి అని. రెండూ ఒకే వారంలో రావడం వల్ల మీ మనసులో అవి కలిసిపోయాయి. ముందు వాటిని విడదీద్దాం.

మీరు ఉన్న దేశంలో ఈ విషయానికి ఒక చట్టం ఉంది. 2008 మే 21న అప్పటి అధ్యక్షుడు జార్జి డబ్ల్యూ. బుష్ సంతకం చేసిన జన్యు సమాచార వివక్ష నిషేధ చట్టం. పొట్టిగా జినా అంటారు. న్యూయార్క్ ప్రతినిధి లూయీస్ స్లాటర్ 1995లో మొదలుపెట్టిన పని అది. పూర్తి కావడానికి పదమూడేళ్లు పట్టింది. తీరా ఓటింగుకు వచ్చేసరికి సెనేట్‌లో 95 మంది అవునన్నారు, కాదన్నవారు ఒక్కరూ లేరు. ప్రతినిధుల సభలో 414 మంది అనుకూలం, ఒక్కరు వ్యతిరేకం. అంత ఏకాభిప్రాయం ఆ సభలో దేనికి వస్తుంది చెప్పండి? దాని వెనక భయం నిజమైనది. 2001లో బర్లింగ్టన్ నార్తర్న్ శాంటాఫే రైలు సంస్థ, మణికట్టు నొప్పి అని చెప్పుకున్న కార్మికుల రక్తాన్ని వారికి చెప్పకుండానే జన్యు పరీక్షకు పంపిందని ప్రభుత్వం కోర్టుకెక్కింది. మరుసటి ఏడాది ఆ సంస్థ 22 లక్షల డాలర్లకు రాజీ పడింది.

ఈ చట్టం ప్రకారం ఆరోగ్య బీమా పథకం మీ జన్యు సమాచారం చూసి మీ అర్హత నిర్ణయించకూడదు, ప్రీమియం పెంచకూడదు. జన్యు పరీక్ష చేయించుకోమని మిమ్మల్ని అడగనూ కూడదు, ఒత్తిడి చేయనూ కూడదు. ఇక్కడ "జన్యు సమాచారం" అన్న మాట మనం అనుకునేదానికంటే చాలా వెడల్పైనది. మీ పరీక్ష ఫలితం ఒక్కటే కాదు. మీ బంధువుల పరీక్షలు, మీ నాన్నగారికి, పెదనాన్నగారికి వచ్చిన జబ్బు, చివరికి మీరు జన్యు పరీక్షలున్న ఒక పరిశోధనలో పాల్గొన్నారన్న సంగతి కూడా అందులోకే వస్తుంది. పౌరసత్వంతో పని లేదు, పథకంలో సభ్యులైతే చాలు.

మరి అడగకూడదన్నప్పుడు మీకు ట్యూబు ఎలా వచ్చింది? ఆ నిషేధానికి ఒక చిన్న సందు ఉంది. పరిశోధన కోసమైతే బీమా పథకం సభ్యులను జన్యు పరీక్ష చేయించుకోమని కోరవచ్చు, కాని నాలుగు షరతుల మీద. 2009 అక్టోబరులో కార్మిక శాఖ, ఆరోగ్య శాఖ, ఖజానా శాఖ కలిసి ఇచ్చిన నిబంధనల్లో ఇవి వివరంగా ఉన్నాయి. ఆ పరిశోధన, మనుషుల మీద జరిగే పరిశోధనలకు ఉన్న ఫెడరల్ రక్షణ నియమాలను పాటించాలి. కోరడం రాతపూర్వకంగా ఉండాలి, అందులో ఇది స్వచ్ఛందమని, కాదంటే మీ అర్హత మీద గాని ప్రీమియం మీద గాని ఏ ప్రభావమూ ఉండదని తేటగా రాసి ఉండాలి. అలా వచ్చిన సమాచారాన్ని ప్రీమియం, అర్హతల లెక్కల్లో వాడకూడదు. నాలుగోది మిమ్మల్ని నిద్ర పోనివ్వని ఆ వాక్యం: తాము ఈ మినహాయింపు వాడుకుంటున్నామని పథకం ఒక ఫారం నింపి ఫెడరల్ శాఖకు పంపాలి.

ఆ ఫారం సంగతి చెబితే సగం భయం పోతుంది. అది పథకం తన గురించి, తాను చేయించే పరిశోధన గురించి ఇచ్చుకునే వాంగ్మూలం. షరతులన్నీ పాటిస్తున్నామని సంతకం పెట్టి పంపే కాగితం. మీలాంటి సభ్యుల పేర్ల జాబితా దాని పని కాదు. మీ వారి కంపెనీ పథకం లాంటివైతే అది కార్మిక శాఖకు వెళుతుంది, చర్చి సంస్థల పథకాలు ఖజానా శాఖకు, బీమా సంస్థలూ రాష్ట్ర, స్థానిక ప్రభుత్వ ఉద్యోగుల పథకాలూ ఆరోగ్య శాఖకు. వీసా కార్యాలయానికీ దీనికీ సంబంధం లేదు. గ్రీన్ కార్డు వైద్య పరీక్షలో క్షయ ఉందా, సిఫిలిస్ ఉందా, టీకాలు పడ్డాయా అని చూస్తారు తప్ప జన్యువుల జోలికి పోరు.

ఇంకో సంగతి. ఆ దేశంలో ప్రభుత్వం జనం చేత ఒక ఫారం నింపించాలంటే దానికీ ఒక చట్టం ఉంది, కాగితాల భారం తగ్గించే చట్టం. 1980లో వచ్చింది, 1995లో తిరగరాశారు. శ్వేతసౌధం కింద ఉండే బడ్జెట్ కార్యాలయం ఆ ఫారానికి ఒక నంబరు ఇవ్వాలి, గరిష్ఠంగా మూడేళ్లకే ఆ అనుమతి. గడువు తీరేలోపు శాఖ మళ్లీ గెజిట్‌లో ప్రకటించి, దీన్ని నింపడానికి ఎవరికి ఎన్ని గంటలు పడుతుంది, ఇది నిజంగా అవసరమా అని జనం అభిప్రాయం అడగాలి. జన్యు పరిశోధన నోటీసు ఫారం కూడా ఈ చక్రంలోనే తిరుగుతుంది. మన తహసీల్దారు కార్యాలయాల్లో నిలబడిన కాళ్లకు ఇది వింతగానే ఉంటుంది. ఫారం పెట్టే ముందు జనాన్ని అడగడమేమిటి అనిపిస్తుంది.

అయితే ఆ వాక్యాన్ని చూసి భయపడినట్టే, దాన్ని చూసి ధీమా పడడమూ పొరపాటే. నోటీసు సమర్పించారంటే ప్రభుత్వం ఈ పరిశోధనను మెచ్చుకుందనో, పరిశీలించి అనుమతించిందనో అర్థం కాదు. చెప్పారు, అంతే. పరిశోధనలో నైతికత ఉందా, మీ నమూనా ఏమవుతుంది అన్నవి చూసేది వేరే సంఘం, దాన్ని ఐఆర్‌బి అంటారు. అసలు వివరాలు ఉండేది సమ్మతి పత్రంలో. మీ ఉత్తరంలో ఆ పత్రం గురించి ఒక్క మాట లేదు. వాళ్లు పంపలేదా, మీరు చదవలేదా? పంపకపోతే అడగండి. 2019 నుంచి అమలులో ఉన్న కొత్త నియమాల ప్రకారం అందులో కొన్ని మాటలు సందర్భాన్ని బట్టి ఉండి తీరాలి: మీ నమూనాతో వ్యాపార లాభం సంపాదించే అవకాశం ఉందా, ఉంటే మీకు వాటా ఉందా, మొత్తం జన్యుపటాన్ని చదువుతారా, వైద్యపరంగా పనికొచ్చే ఫలితం బయటపడితే మీకు చెబుతారా చెప్పరా. ఆ చివరి ప్రశ్నకు జవాబు చూడకుండా ట్యూబు మూత తీయవద్దు. చాలా పరిశోధనల్లో ఫలితం మీకు ఇవ్వరు. మీ వారు ఉచిత పరీక్ష అనుకుంటున్నారు. అది పరీక్ష కాకపోవచ్చు, విరాళం కావచ్చు. విరాళం ఇవ్వడంలో తప్పు లేదు, కాని విరాళమని తెలిసి ఇవ్వాలి.

ఇవ్వకపోతే ఏమవుతుంది? ఈ ఒక్క ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పగలను. ప్రీమియం పెరగదు, అర్హత పోదు. పెంచితే అది నేరుగా చట్టాన్ని మీరడమే. చట్టం రాసినప్పుడే రోజుకు ఒక్కో సభ్యుడికి 100 డాలర్ల చొప్పున జరిమానా పెట్టారు. బీమా సంస్థకు ఒక్క మాట కూడా రాయకుండా ట్యూబును పక్కన పెట్టేయవచ్చు. మర్యాద కోసం కూడా సంజాయిషీ ఇవ్వనక్కర లేదు. మనవాళ్లకు ఇది కష్టం. ఎవరైనా కాగితం ఇస్తే నింపి ఇవ్వకపోతే ఏదో తప్పు చేసినట్టు అనిపిస్తుంది.

ఇక రెండో కవరు. నన్ను ఆపింది ఇదే. మీరు దీన్ని మూడు వాక్యాల్లో ముగించారు. 300 డాలర్ల తగ్గింపు ఇస్తూ, దానికి బదులుగా మీ నాన్నగారి చావు గురించి అడుగుతున్నారు. కుటుంబంలోని జబ్బుల చరిత్ర కూడా జన్యు సమాచారమేనని పైన చెప్పాను కదా. ప్రీమియం తగ్గింపో, మరో బహుమతో చూపించి ఆ సమాచారం తీసుకోవడం ఆరోగ్య బీమా పథకానికి కుదరదు. పథకాలు పాటించే పద్ధతి ఒకటి ఉంది. ప్రశ్నావళిని రెండు ముక్కలు చేస్తారు. మొదటి ముక్కలో మీ బరువు, నిద్ర, పొగ తాగడం వగైరా, తగ్గింపు దీనికే. రెండో ముక్కలో కుటుంబ చరిత్ర, దానికి ఏ లాభమూ ముడిపెట్టరు, నింపకపోయినా తగ్గింపు వస్తుందని అక్కడే రాస్తారు. మీ ప్రశ్నావళిని మళ్లీ తీసి చూడండి. పదకొండో ప్రశ్న పక్కన గాని, ఆ పేజీ పైన గాని అలాంటి మాట ఉంటే ఆ ప్రశ్నను ఖాళీగా వదిలి మిగతాది పంపండి, 300 డాలర్లు మీవే. అలాంటి మాట ఎక్కడా లేకపోతే మీ వారు మానవ వనరుల విభాగానికి రెండు వాక్యాల మెయిల్ రాయవచ్చు: కుటుంబ చరిత్ర ప్రశ్నకు జవాబు ఇవ్వకుండా తగ్గింపు పొందవచ్చా, జినా నిబంధనల ప్రకారం దయచేసి తెలపండి, అని. గొడవ చేసినట్టు ఉండదు, ప్రశ్న అడిగినట్టే ఉంటుంది. ఆ చట్టం పేరు వినగానే సర్దుకునే కార్యాలయాలే ఎక్కువ. సర్దుకోకపోతే కార్మిక శాఖలో ఉద్యోగుల ప్రయోజనాలు చూసే విభాగానికి ఫిర్యాదు చేయవచ్చు. వీసా మీద ఉన్న మనిషి యజమాని మీద ఫిర్యాదు చేయడం ఎంత సులువో నాకు తెలుసు, కాబట్టి చెయ్యండని అనను. 300 డాలర్లు వదులుకుని ఊరుకోవడం కూడా ఒక దారే. అబద్ధం రాయడం మాత్రం దారి కాదు. "లేదు" అని గీత పెట్టి తగ్గింపు తీసుకుందామని మీ వారు అన్నారని రాశారు. ఖాళీగా వదలడానికి హక్కు ఉన్నప్పుడు అబద్ధం ఎందుకు?

ఇప్పుడు ఈ చట్టం ఎక్కడ ఆగిపోతుందో చూద్దాం, ఎందుకంటే మీరు అడగని ప్రశ్న అక్కడే ఉంది. జినా చట్టం ఆరోగ్య బీమాకు, ఉద్యోగానికి వర్తిస్తుంది. ఉద్యోగం విషయంలో కూడా 15 మంది కంటే తక్కువ ఉన్న సంస్థలకు వర్తించదు. జీవిత బీమాకు వర్తించదు. అంగవైకల్య బీమాకు, ముసలితనంలో దీర్ఘకాల సంరక్షణ కోసం తీసుకునే బీమాకు వర్తించదు. ఫ్లోరిడా రాష్ట్రం 2020 జూలై నుంచి ఆ మూడింటిలోనూ జన్యు సమాచారం వాడడాన్ని నిషేధించింది, కాని మీరు ఉండేది అక్కడ కాదు. కాబట్టి మీ ఫలితం మీ చేతికి వస్తే, రేపు జీవిత బీమా దరఖాస్తులో "జన్యు పరీక్ష చేయించుకున్నారా, ఫలితమేమిటి" అని అడిగితే నిజం చెప్పాలి. దాచి పాలసీ తీసుకుంటే, అవసరమైన రోజు మీ అబ్బాయికి ఆ డబ్బు అందకపోవచ్చు.

మీకూ మీ వారికీ సొంతంగా జీవిత బీమా ఉందా లేదా మీరు రాయలేదు. కంపెనీ ఇచ్చే గ్రూపు బీమా ఉద్యోగంతో పోయేది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. లేకపోతే, ఏ జన్యు పరీక్ష కంటే ముందు ఆ పని ఆలోచించండి. ముందు పాలసీ తీసుకుని తర్వాత పరీక్ష చేయించుకోవడం మోసం కాదు. అక్కడి జన్యు సలహాదారులు చాలామంది తమ దగ్గరికి వచ్చేవారితో ఈ వరస గురించి మాట్లాడతారు. నాన్నగారు 41 ఏళ్లకే పోయిన సంగతి జీవిత బీమా దరఖాస్తులో ఎలాగూ అడుగుతారు, చెప్పాలి, ప్రీమియం కొంత ఎక్కువ పడవచ్చు. అది ఇప్పటికే ఉన్న వాస్తవం. దానిమీద ఇంకో కాగితం చేర్చే ముందు తలుపు తెరిచి ఉండగానే లోపలికి వెళ్లడం మేలు కదా అని నా ఉద్దేశం.

మీ గుండె సంగతికి వద్దాం. ఇంత పెద్ద ఉత్తరంలో మీరు ఒక్కసారైనా గుండె డాక్టరు దగ్గరికి వెళ్లినట్టు నాకు కనిపించలేదు. ట్యూబు వచ్చిన దగ్గర నుంచి అందరూ ట్యూబు గురించే మాట్లాడుతున్నారు. నేను డాక్టరును కాను, మీ నాన్నగారికి ఏమైందో ఇక్కడి నుంచి చెప్పలేను. ఆ వయసులో గుండె రక్తనాళాలు మూసుకుపోయి చనిపోయేవారూ మనలో తక్కువేమీ లేరు. కాని కండరం దళసరి అన్న మాట నిజమైతే, డాక్టర్లు హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతీ అనే జబ్బు అయి ఉండవచ్చని అనుమానిస్తారు. సుమారు 500 మందిలో ఒకరికి ఉండే జబ్బు. ఆటల్లో, పరుగులో ఉన్నట్టుండి పడిపోయేవారిలో దీని పేరు తరచూ వినిపిస్తుంది. దీనికి కారణమైన జన్యులోపం తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. మీ అమ్మగారు మేనరికం కాదు కదా మాది, అలాంటివి మాకెందుకు వస్తాయి అన్నారని రాశారు. మేనరికంతో ఎక్కువయ్యే జబ్బులు వేరే రకం, ఇద్దరి దగ్గర నుంచీ లోపం అందితేనే బయటపడేవి. దీనికి ఒక్కరు చాలు.

ఈ జబ్బు అనుమానం ఉన్న ఇంట్లో తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు చేయించుకోవలసిన మొదటి పరీక్ష ఉమ్మితో చేసేది కాదు. ఈసీజీ, ఎకో (గుండెకు తీసే స్కాను). అరగంట పని. విజయవాడలోనూ ఉంది, ఒంగోలులోనూ ఉంది. జన్యు పరీక్షను మామూలుగా ఇంట్లో జబ్బు ఉన్న మనిషితో మొదలుపెడతారు. ఆ మనిషిలో ఏ లోపం ఉందో తెలిస్తే దాన్నే మిగతావారిలో వెతుకుతారు. మీ ఇంట్లో ఆ మనుషులిద్దరూ లేరు. అందుచేత మీ నమూనాలో ఏమీ దొరకకపోయినా "నాకు లేదు" అని గుండెల మీద చెయ్యి వేసుకోలేరు, వెతకవలసిన చోట వెతకలేదేమో. ఏదో దొరికినా "దీని అర్థం ఇంకా తెలియదు" అనే ఫలితం రావచ్చు. ఐరోపా సంతతి వారి జన్యువులు చదివినంతగా మనవి చదవలేదు కాబట్టి మన దగ్గర అలాంటి ఫలితాలు ఇంకా ఎక్కువ.

అదే కారణంతో ఆ పరిశోధనను నేను తీసిపారేయలేను. 2009లో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తల బృందం నేచర్ జెనెటిక్స్ పత్రికలో ఒక సంగతి ప్రచురించింది. గుండె కండరంలో ఉండే ఒక ప్రోటీన్‌కు సంబంధించిన జన్యువులో 25 అక్షరాలు తెగిపోయిన రూపం భారత ఉపఖండపు జనంలో సుమారు నూటికి నలుగురిలో ఉందని, దానికీ గుండె కండరపు జబ్బులకూ సంబంధం ఉందని. అది ఉన్న ప్రతివారికీ జబ్బు రాదు, చాలామంది ముసలితనం దాకా హాయిగా బతుకుతారు. మనవాళ్లు ఎవరూ నమూనాలు ఇవ్వకపోతే ఇలాంటివి ఎప్పటికీ బయటపడవు. ఇవ్వాలని మీకు అనిపిస్తే అది మంచి కారణమే. ఉచితం అన్నది మాత్రం మంచి కారణం కాదు.

ఇన్ని చెప్పి మూడు దారులు మీ ముందు పెడుతున్నాను. ఒకటి, ట్యూబును పక్కన పెట్టేయడం. పోయేది ఏమీ లేదు. కాని దీన్నే మొత్తం విషయం మీద తలుపు వేయడానికి సాకుగా వాడుకుంటే, డాక్టరు దగ్గరికి వెళ్లకపోవడం అనే అసలు నష్టం అలాగే ఉంటుంది. రెండు, పరిశోధనకు నమూనా ఇవ్వడం. ఆరోగ్య బీమా వరకు చట్టం మీకు అండగా ఉంది, ఎప్పుడైనా పరిశోధన నుంచి బయటకు రావచ్చు, కాని అప్పటికే పంచుకున్న సమాచారాన్ని వెనక్కి రప్పించడం కష్టం. ఫెడరల్ నిధులతో జరుగుతున్న పరిశోధన అయితే మీ వివరాలను కోర్టులు, బయటివారు అడిగినా ఇవ్వనక్కర లేని గోప్యతా ధ్రువపత్రం దానికి ఉంటుంది. నిధులెవరివి అని అడగండి. మూడో దారి, పరిశోధనతో సంబంధం లేకుండా గుండె డాక్టరును, జన్యు సలహాదారును కలిసి, మీకోసం మీరు పరీక్ష చేయించుకోవడం. అప్పుడు ఫలితం మీ చేతికి వస్తుంది, వివరించే మనిషి ఎదురుగా ఉంటారు, దాంతో పాటు అది మీ వైద్య రికార్డులోకీ ఎక్కుతుంది. నాకు మూడో దారి మీద మొగ్గు ఉంది, అదీ ఎకో తర్వాత, జీవిత బీమా సంగతి తేల్చుకున్నాక.

ఎకోలోనే జబ్బు కనిపిస్తే అది ఇక జన్యు సమాచారం కాదు, ఉన్న జబ్బు. దానికి జినా వర్తించదు. అయినా భయం వద్దు, ముందే ఉన్న జబ్బు పేరు చెప్పి ఆరోగ్య బీమా నిరాకరించడాన్ని, ఎక్కువ వసూలు చేయడాన్ని 2014 నుంచి ఇంకో చట్టం ఆపేసింది. పిల్లవాడి గురించి ఒక్క మాట. వాడి పేరు మీద కూడా ట్యూబు వస్తే సంతకం మీది, తొందర మీది కాకూడదు. ముందు మీ పరీక్ష కానివ్వండి.

చివరిగా చెల్లెలు. ఇక్కడ నాకు కొంచెం కోపం వచ్చింది, దాచుకోను. మీ అమ్మగారి భయం నాకు కొత్త కాదు. మా ఇంట్లో మా పిన్ని చక్కెర జబ్బును పెళ్లి దాకా దాచారు. పెళ్లయిన ఏడాదికి ఆమె ఆసుపత్రిలో పడినప్పుడు, దాచినవాళ్లెవరూ ఆ మంచం పక్కన లేరు. "వాళ్లింట్లో గుండె జబ్బు ఉందట" అన్న మాట మీ ట్యూబు వల్ల పుట్టదమ్మా. మీ నాన్నగారు నలుగురి ముందు షటిల్ కోర్టులో పడిపోయిన రోజే పుట్టింది. ఊరంతటికీ తెలిసిన సంగతిని ఆ అమ్మాయి ఒక్కదానికే తెలియకుండా కాపాడుతున్నారు. తనకు 26. సగానికి సగం అనే లెక్క మీకెంతో తనకూ అంతే.

భారతదేశంలో జినా లాంటి చట్టం లేదు, అది నిజం. అలాగని అంతా చీకటి కూడా కాదు. ఇదే జబ్బుతో ఉన్న ఒక పాలసీదారుకు జన్యుపరమైనదంటూ క్లెయిము నిరాకరిస్తే, అది వివక్ష అని 2018లో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పింది. ఆ ఏడాది మార్చిలోనే, హైదరాబాద్‌లో కార్యాలయం ఉన్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ, ఆరోగ్య పాలసీల్లో జన్యు వ్యాధులను మినహాయింపుల జాబితాలో పెట్టవద్దని సంస్థలను ఆదేశించింది. మీ చెల్లెలికి బ్యాంకు ఇచ్చే గ్రూపు బీమా కాకుండా సొంత ఆరోగ్య పాలసీ ఉందేమో కనుక్కోండి.

తనకు జన్యువులు, చట్టాలు, ట్యూబులు ఏవీ చెప్పనక్కర లేదు ఇప్పుడు. "నాన్న సంగతి గుర్తుపెట్టుకుని నేను ఎకో చేయించుకుంటున్నాను, నువ్వూ చేయించుకో" అన్నంత చాలు. అమ్మ చేత చెప్పించకండి. ఏడుపు మధ్య చెప్పే మాట వేరేలా వినిపిస్తుంది. పెళ్లివారికి ఏం చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి అన్నది రిపోర్టు చేతిలో పెట్టుకుని ఆ అమ్మాయి తేల్చుకుంటుంది. తన గుండె, తన పెళ్లి. అందరూ చూస్తున్న ఆ సంబంధం నచ్చిందో లేదో తనను అడిగారా అని కూడా నాకొక అనుమానం, కాని అది ఇంకో ఉత్తరం.

మీ అమ్మగారితో ఒక పని ఉంది. ఇల్లు మారినప్పుడు నాన్నగారి కాగితాలు ఒక రేకు పెట్టెలో పెట్టి అటక మీదికి ఎక్కించామని రాశారు. ఆ పెట్టె దింపించండి. దళసరి కండరం అన్న మాట రాసిన పాత రిపోర్టు ఒక్కటి దొరికితే, మీ ఇద్దరి డాక్టర్లకూ ఏ ఉమ్మి ఫలితం కంటే అది ఎక్కువ ఉపయోగపడుతుంది.

ప్రశ్నావళికి గడువు ఈ నెల 30 అన్నారు. ముందు దాని పదకొండో ప్రశ్న సంగతి చూడండి. ట్యూబుకు తొందరేమీ లేదు, సొరుగులో ఉండనివ్వండి.